సముద్ర దోసకాయ తింటే రోగనిరోధక శక్తి పెరుగుతుందా?



నేను మధురైలో ప్లస్ టూ విద్యార్థులకు జీవశాస్త్రం బోధిస్తున్నాను. పరీక్షల సమయంలో పిల్లలు జబ్బు పడకూడదని తల్లిదండ్రులు ఏదో ఒక పొడి, ఏదో ఒక క్యాప్సూలు కొనడం ఏటా చూస్తున్నాను. మలేషియా నుంచి బంధువులు తెచ్చే ‘గామత్’ అలాంటిదే. గామత్ అంటే సముద్ర దోసకాయ. ఇది పనిచేస్తుందా అని నన్ను అడిగినవారున్నారు. ఔను, కాదు అని ఒక్క మాటలో చెప్పే బదులు, ఇలాంటి ప్రశ్నను ఎలా పరిశీలించాలో చెబితే ఎక్కువ మేలని ఈ పాఠం రాస్తున్నాను.

1. ఏమిటీ జీవి?

పేరులో దోసకాయ ఉన్నా ఇది కాయ కాదు, జంతువు. నక్షత్ర చేపతో పాటు ఇఖైనోడర్మేటా వర్గానికి చెందినది. సుమారు 1,700 జాతులున్నాయి. మన రామనాథపురం తీరంలో దీన్ని ‘కడల్ అట్టై’ అంటారు. అంటే సముద్రపు జలగ. నిజానికి జలగతో దీనికి చుట్టరికం లేదు. దీనికి మెదడు లేదు. శత్రువు మీద పడితే కొన్ని జాతులు తమ పేగులనే బయటికి వదిలేసి, తర్వాత మళ్లీ పెంచుకుంటాయి. చైనాలో దీన్ని ‘హైషెన్’, అంటే సముద్రపు జిన్‌సెంగ్ అని పిలిచి బలవర్ధకంగా తింటారు.

2. దాని రక్షణ వేరు, మన రక్షణ వేరు

1882లో ఇటలీలోని మెస్సీనాలో మెచ్నికాఫ్ అనే శాస్త్రవేత్త నక్షత్ర చేప డింభకంలో ఒక ముల్లు గుచ్చాడు. మరునాటికి కొన్ని కణాలు కదిలివచ్చి ముల్లును చుట్టుముట్టాయి. కణభక్షణ అనే విషయం అలా బయటపడింది. 1908లో ఆయనకు ఎర్లిక్‌తో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. సముద్ర దోసకాయలోనూ ఇలాంటి భక్షక కణాలే కాపలా కాస్తాయి. మనకు వీటితో పాటు, ఒకసారి వచ్చిన క్రిమిని గుర్తుపెట్టుకొని ప్రతిరక్షకాలను తయారుచేసే ఏర్పాటు కూడా ఉంది. దానికి అది లేదు.

కాబట్టి “పోయిన పేగులను మళ్లీ పెంచుకుంటుంది గనుక తిన్నవారికీ ఆ శక్తి వస్తుంది” అనడం తర్కం కాదు. బల్లికి తెగిన తోక మళ్లీ మొలుస్తుంది. అంతమాత్రాన బల్లి మనకు మందు కాదు కదా!

3. అందులో ఏముంది?

ముఖ్యంగా మూడు చెప్పుకోవాలి. మొదటిది కొల్లాజెన్ అనే మాంసకృత్తి. రెండవది సల్ఫేటు కలిగిన బహుశర్కరలు. మూడవది సాపోనిన్లు. కుంకుడుకాయ నురుగు వచ్చేది సాపోనిన్ల వల్లనే. సముద్ర దోసకాయలోని సాపోనిన్లు దాన్ని తినవచ్చే చేపలకు విషం.

4. మూడు మెట్లు

ఏ మందైనా మూడు మెట్లు ఎక్కాలి. మొదటిది గాజు పాత్రలోని కణాలు, రెండవది ఎలుకలు, మూడవది మనుషులు. సముద్ర దోసకాయ సారం చల్లినప్పుడు గాజు పాత్రలో భక్షక కణాలు చురుకైనట్లు ప్రయోగాలున్నాయి. ఎలుకలకు తినిపించినప్పుడు కూడా కొన్ని మార్పులు కనిపించాయి. తిన్న మనుషులకు జబ్బులు తగ్గుతాయని నిరూపించే పెద్ద పరీక్షలు మాత్రం లేవు. అంటే మూడవ మెట్టు ఇంకా ఎక్కలేదు.

గాజు పాత్రకు పొట్ట లేదు. మనం తిన్న కొల్లాజెన్ చాలావరకు జీర్ణమై అమైనో ఆమ్లాలుగా, చిన్న ముక్కలుగా మారుతుంది. పైగా కొల్లాజెన్‌లో ట్రిప్టోఫాన్ అనే అవసరమైన అమైనో ఆమ్లం దాదాపు ఉండదు. ఆ లెక్కన కోడిగుడ్డే మేలు.

మూడవ మెట్టు ఎక్కిన పదార్థం ఎలా ఉంటుందో కూడా చూడండి. క్విల్లాజా అనే చెట్టు బెరడు సాపోనిన్లను శుద్ధి చేసి, కొలిచి, R21 మలేరియా టీకాలో కలుపుతారు. అవి టీకాకు శరీరం స్పందించే తీరును బలపరుస్తాయి. వేలమంది పిల్లలపై పరీక్షించాకే 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ టీకాను సిఫారసు చేసింది. కొలిచి ఇచ్చే ఇంజెక్షన్ వేరు, కూరలో తినే ముక్క వేరు.

5. జాగ్రత్తలు

రోగనిరోధక వ్యవస్థ ఎంత రెచ్చితే అంత మంచిదనుకోవడం పొరపాటు. అది అనవసరంగా రెచ్చితే వచ్చేవే అలర్జీ, కీళ్లవాతంలో కొన్ని రకాలు. సముద్ర దోసకాయలోని కొన్ని బహుశర్కరలు ప్రయోగశాలలో రక్తం గడ్డకట్టడాన్ని అడ్డుకున్నాయి. రక్తం పలచబడే మందులు వాడే పెద్దలు డాక్టరును అడగకుండా ఇలాంటివి తీసుకోరాదు.

చట్టం సంగతీ తెలుసుకోవాలి. సముద్రపు అడుగున మట్టిని తిని శుభ్రం చేసే ఈ జీవులను మితిమీరి పట్టడంతో 2001లో వీటిని వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి తెచ్చారు. మన దేశంలో వీటిని పట్టడం, అమ్మడం నేరం.

6. తల్లిదండ్రులకు ఒక మాట

పిల్లల చదువుకు దాచిన డబ్బు విలువ మీకు తెలుసు. దాన్ని నిరూపణ కాని క్యాప్సూళ్లపై పెట్టకండి. అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు లేదా పాలు, వేళకు నిద్ర, సకాలంలో టీకాలు, భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడగడం — రోగనిరోధక వ్యవస్థకు నిజంగా తోడ్పడేవి ఇవే.

విద్యార్థులకు అభ్యాసం

1. ప్రతిరక్షకాలు లేని జీవి క్రిములను ఎలా ఎదుర్కొంటుంది?
2. గాజు పాత్రలో వచ్చిన ఫలితం మనిషిలో రాకపోవడానికి రెండు కారణాలు రాయండి.
3. మీ ఇంట్లో ఉన్న ఏదైనా ‘శక్తినిచ్చే’ పొడి డబ్బాపై రాసింది చదవండి. అందులోని మాట ఏ మెట్టు దాకా నిరూపణ అయిందో మీ సైన్సు మాస్టారిని అడిగి తెలుసుకోండి.