ఆకాశము మీది చార

సమస్య

ఆర్యా, మాది రాజమహేంద్రవరము. మా పెద్దమ్మాయి పుట్టకమునుపు, గోదావరి గట్టుకు పోయే మా పుట్టింటి వీధిని నీటిరంగులలో వ్రాయనారంభించితిని. పెంకుటిండ్లు, అరుగులు చాలవరకు ముగిసినవి. ఆకాశమునకు రంగు వేయుచుండగా చుట్టములు వచ్చిరి. వారికి కాఫీ పెట్టి యిచ్చి వచ్చునప్పటికి రంగు ఆరి, ఆకాశము నడుమ నల్లని చార యేర్పడినది. మనస్సు విరిగి ఆ బొమ్మను బీరువా అడుగున దాచితిని. ఇప్పుడు పిల్లలు స్థిరపడినారు. పూర్తిచేయవలెనని మరల కోరిక కలిగినది. ఎవరైన చిత్రకారునికిచ్చి ముగింపించుమని మా అబ్బాయి, ఈ వయస్సులో ఎందుకని మావారు అనుచున్నారు. ఆ వీధిలో నేడు పెంకుటిండ్లును లేవు. ఏమి చేయుదును?

— ఒక గృహిణి

సలహా

అమ్మా,

మీ లేఖలో తక్కిన సంగతు లెట్లున్నను, కుంచె తడియారక మునుపే మీరు కాఫీ కొరకు లేచిన ఆ క్షణము నన్ను కదలనీయలేదు. ఆకాశము ఒక్క ఊపున వ్రాయవలసినది; పలకను కొంచెము వాలుగా నిలిపి, తడి అంచు ఆరకుండ రంగును పైనుండి క్రిందికి దించుకొని రావలెను; నడుమ ఆపినచో ఆరిన అంచున రంగు పేరుకొని చార పడి తీరును. కనుక అది మీ చేతి దోషము కాదు. ఆ పూట మీకు బదులుగా పొయ్యి వెలిగింపగల మనిషి యొక్కరును ఆ యింట లేకపోయిన దోషము.

మన కుటుంబములలో పురుషుడు కాగితము ముందు కూర్చున్నచో, నాన్నగారు పనిలో ఉన్నారని పసిపిల్లలను సైతము ఆవలికి తీసికొనిపోవుదురు. స్త్రీ చేయుచున్నది ఏదైనను, పిలిచిన తక్షణము వదలి రాదగినదే యని అందరి నమ్మకము. పిల్లల చదువులైన తరువాత, పెండ్లిండ్లయిన తరువాత, పురుళ్ళు గడచిన తరువాత అనుచు వాయిదా వేసినవారే, ఆ తరువాత అనునది నిజముగా వచ్చినప్పుడు వయస్సు మీరినదని అడ్డు చెప్పుట అన్యాయము. మీ యూరి చిత్రకారుడైన దామెర్ల రామారావు (1897–1925) ఇంట ఆయన భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడ కుంచె పట్టినవారే. ఆయన పేర మీ యూరనున్న చిత్రశాలకు మీవారిని ఒకమారు తీసికొనిపొండు.

పరుల చేతికిచ్చు మాట మరచిపొండు. అరుగుల నీడ ఏ వైపు పడినదో చూచి, తక్కినవానిని ఆ వేళకే వ్రాయుడు. నేటి వీధితో మీకు పనిలేదు. చారను మంచినీట తడిపిన మెత్తని కుంచెతో మెల్లగా రుద్ది, అద్దుడుకాగితముతో అద్దినచో చాలవరకు పలుచబడును. అయితే ఏండ్ల తరబడి చెమ్మకున్న కాగితము రంగును పీల్చి మచ్చలు పడవచ్చును. ముందుగా అంచున ఒక చుక్క వేసి చూడుడు.

ప్రతిదినము ఉదయము ఒక గంట తలుపు మూసికొనుడు. అడుగుటకు సంకోచమైనచో, ఈ జవాబును మీవారికి చదువనిండు.