పెరిగే పిల్లలకు యూనిఫాం ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న: మా పాప ఒకటో తరగతి, బాబు యూకేజీ. ఏటా జూన్‌లో కొత్త యూనిఫాం కొంటున్నాం. సంక్రాంతికల్లా బాబు నిక్కరు పిగిలిపోతోంది, పాప స్కర్టు పొట్టిదవుతోంది. రెండు సైజులు పెద్దవి తీసుకోవచ్చా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: రెండు సైజులు వద్దమ్మా. జారిపోయే నిక్కరు పట్టుకుని పిల్లాడు ఎలా పరిగెత్తుతాడు? ఒక్క సైజు పెద్దది చాలు. భుజం కుట్టు మాత్రం భుజం మీదే ఉండాలి. పొడవు పెంచుకునే వీలు అంచు మడతలో ఉంటుంది. స్కర్టు అంచు తిప్పి చూడండి. లోపల రెండు, మూడు అంగుళాల గుడ్డ ఉంటే ఏడాది మధ్యలో విప్పి దించుకోవచ్చు. అర అంగుళమే ఉంటే కొనకండి.

నిక్కరు ఎక్కువగా పిగిలేది కాళ్ల మధ్య, నాలుగు కుట్లు కలిసే చోట. కొనేముందు అక్కడ రెండు చేతులతో పట్టి కాస్త లాగండి. దారాల మధ్య సందు కనిపిస్తే పక్కన పెట్టేయండి. అక్కడ జంట కుట్టు, లోపలి అంచుకు ఓవర్‌లాక్ ఉండాలి. దర్జీకిస్తే ఈ మాట ముందే చెప్పండి.

మన ఎండలకు చొక్కా పూర్తి పాలిస్టర్ అయితే చెమట పీల్చదు. కాటన్ ఎక్కువ కలిసినది తీసుకోండి. నిక్కరుకు, స్కర్టుకు పాలిస్టర్ పాలు ఎక్కువున్నా ఫరవాలేదు, గట్టిగా మన్నుతాయి. కాటన్ గుడ్డ కుట్టించేముందు తడిపి ఆరబెట్టండి, తర్వాత కుంచించుకుపోదు.

యూకేజీ బాబుకు హుక్కులు వద్దు, నడుముకు ఎలాస్టిక్ పెట్టించండి. బాత్రూంకు తొందరైనప్పుడు తనంతట తను విప్పుకోగలగాలి. నా దృష్టిలో మన్నిక కన్నా ఇదే ముఖ్యం. కొనేటప్పుడు పిల్లల్ని వెంట తీసుకెళ్లి, తొడిగి, కింద కూర్చోబెట్టి చూడండి.