దసలి పట్టుపురుగు, ఎర్రచందనం: ఒకే బిట్‌లో రెండు జీవులు

కురవిలో గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్లకు దసలి పట్టుపురుగు దూరపుదేమీ కాదు. భూపాలపల్లి జిల్లా మహదేవపూర్ అడవుల్లో మద్ది చెట్ల మీదే దీన్ని పెంచుతారు. శాస్త్రీయ నామం ఆంథెరియా మైలిట్టా. నల్లమద్ది, తెల్లమద్ది ఆకులు మేసి, గట్టి కాడతో కొమ్మకు వేలాడే గూడు కడుతుంది. గూడు చీల్చుకొచ్చిన చిమ్మటకు పనిచేసే నోరుండదు. తిండి లేకుండానే జతకట్టి, గుడ్లు పెట్టి చనిపోతుంది. ప్రశ్న ఇక్కడి నుంచే రావచ్చు.

ఇక రెండో జీవి ఎర్రచందనం. శాస్త్రీయ నామం టెరోకార్పస్ శాంటాలినస్. తూర్పు కనుమల దక్షిణ భాగానికే, ముఖ్యంగా శేషాచలం కొండలకు పరిమితం. చేవకు ఎరుపు శాంటాలిన్‌ అనే రంగు పదార్థం వల్లే. ఇది చిక్కుడు కుటుంబానిది; శ్రీగంధం కుటుంబమని గుర్తిస్తే మార్కు పోయినట్టే. నరికివేత, స్మగ్లింగ్ దీని శత్రువులు. ఐయూసీఎన్ జాబితాలో అంతరించే ప్రమాదమున్న జాతి. 1995 నుంచి వన్యజాతుల అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందమైన సైటిస్ రెండో అనుబంధంలో ఉంది.