బెదరు గుఱ్ఱమును పట్టణపు బండికి అలవాటు చేయుట
(ఆలూరు ప్రాంతపు రైతులకు సూచనలు)

ఆలూరు ప్రాంతమున సేద్యమునకు చిరకాలము ఎద్దులే ఆధారముగా ఉండెను. గుఱ్ఱము దుక్కికి వచ్చునది కాదు. అయినను ఆదోని, గుంతకల్లు, బళ్ళారి పట్టణములయందు చిరకాలము జట్కాబండ్లు స్టేషనునుండి పేటకు ప్రయాణికులను చేరవేసినవి. ఆటోలు వచ్చిన పిదప ఆ బండ్లు మిక్కిలి తగ్గినవి. ఇప్పటికిని గుఱ్ఱమును పెంచి బండికి కట్టు రైతునకు గాని, అట్టి బండిని తోలువానికి అప్పగించు రైతునకు గాని, ఈ క్రింది సంగతులు తెలిసియుండుట అవసరము.

పల్లెలో సాధువుగా నడచిన గుఱ్ఱము పట్టణపు వీథిలో లారీకూత విని ఒక్కసారిగా ప్రక్కకు దూకును. ఆ ఒక్క దూకుతో బండి బోర్లపడవచ్చును. గుఱ్ఱము కాలు విరుగవచ్చును. దారిన పోవు పసిబిడ్డ చక్రముక్రింద పడవచ్చును. కావున బెదరును చిన్న దోషముగా ఎంచరాదు. అది పొగరు అనుకొని కొట్టుటయు తగదు. బెదరు భయమే కాని మొండితనము కాదు. ఈ ఒక్క మాట మనస్సున నిలిపినవానికి తక్కిన పని సులభమగును.

1. బెదరునకు కారణము

గుఱ్ఱము గడ్డి మేసి బ్రతుకు జంతువు. ఎదిరించుటకంటె ముందుగా పారిపోవుటయే దానికి రక్షణ. కనుక తెలియనిదానిని చూచినప్పుడు అది మొదట దూకి, తరువాత చూచును.

దాని కన్నులు తలకు ఇరుప్రక్కల ఉండుటచే చుట్టును దాదాపు అంతయు కనబడును గాని, సరిగా వెనుకనున్నదియు, నొసటికి మిక్కిలి చేరువనున్నదియు కనబడదు. వెలుతురునుండి చీకటికి పోవునపుడు దాని చూపు మనచూపుకంటె మెల్లగా సర్దుకొనును. కావుననే వంతెనక్రిందికి గాని చీకటి కొట్టములోనికి గాని అడుగు పెట్టుటకు వెనుదీయును. మన చెవికి అందని సన్నని కీచుధ్వనులు సయితము దాని చెవికి అందును. మనకేమియు వినబడలేదని, అది ఊరకే బెదరినదని తలంపరాదు.

2. మొదట దేహమును పరీక్షింపవలయును

నిన్నటివఱకు నెమ్మదిగా ఉండి నేడు బెదరుచున్న గుఱ్ఱమునకు శిక్షణకంటె ముందు చికిత్స అవసరము కావచ్చును.

కన్ను: నీరు కారుట, ఎఱ్ఱబారుట, పొర క్రమ్ముట ఉన్నదేమో చూడుడు. కొన్ని గుఱ్ఱములకు కంటిలోపలి వాపు మాటిమాటికి తిరుగబెట్టి తుదకు చూపు పోవును. ఎల్లప్పుడు ఒకే ప్రక్కకు బెదరు గుఱ్ఱమునకు ఆ ప్రక్క కన్ను మందగించినదేమో కనుగొనవలయును.

నోరు: వాడియైన దంతపుటంచులు చెంపను కోసినను, కళ్లెము నాలుకను నొక్కినను తల ఎగురవేయును.

వీపు, రొమ్ము: పట్టెలు ఒరసిన పుండ్లు మానువఱకు బండికి కట్టరాదు.

గిట్టలు: లాడపు మేకు లోనికి దిగినచో ప్రతి అడుగు నొప్పియే. గుఱ్ఱమునకు ధనుర్వాతము సులభముగా తగులును. కావున ముందుగానే పశువైద్యునిచే టీకా వేయించి, గాయమైనప్పుడు మరల చూపవలయును.

3. అలవాటు చేయు క్రమము

గ్రీకుదేశపు సేనాని జెనొఫన్ సుమారు 2,400 ఏండ్ల క్రిందట గుఱ్ఱములనుగూర్చి ఒక గ్రంథము వ్రాసెను. గుఱ్ఱము వెఱచిన వస్తువును మనమే ముట్టి చూపి, మెల్లగా దానియొద్దకు నడిపింపవలెననియు, కొట్టి నడిపించినచో దాని భయము ఇనుమడించుననియు అందు బోధించెను. దెబ్బ తగిలిన గుఱ్ఱము ఆ నొప్పి కూడ ఎదుటి వస్తువువలననే కలిగినదని తలంచును. నేటి అనుభవము కూడ దీనినే స్థిరపఱచుచున్నది.

క్రమము ఇట్లుండవలయును:

(అ) మొదట బండి లేకయే చేతితో నడిపించి ఊరివీథులు, తిరుగలి మ్రోత, ఎగురు గోనెపట్టలు చూపుడు. ఒకే వస్తువును రెండు ప్రక్కలనుండియు చూపుడు. పోవునప్పుడు చూచినది వచ్చునప్పుడు దానికి క్రొత్తగా తోచవచ్చును.

(ఆ) పిదప పొడవైన పగ్గములతో వెనుకనుండి నడిపింపుడు. వెనుకనుండి వచ్చు మాటను నమ్ముట ఇచ్చటనే నేర్చును.

(ఇ) తేలిక మొద్దును గాని పాత టైరును గాని ఈడ్పించి, వెనుక చప్పుడునకు అలవాటు చేయుడు.

(ఈ) మనుష్యులు ఖాళీబండిని దానిప్రక్కన లాగుకొని పోవలయును. చక్రపు మ్రోత పాతబడిన తరువాతనే బండికి కట్టవలయును. ఆ దినమున ఒకడు తలయొద్ద నిలిచియుండవలయును.

(ఉ) తుదకు తెల్లవారుజామున, రాకపోకలు పలుచనైన వేళ పెద్దరోడ్డునకు తీసికొనిపోవుడు. నెమ్మదియైన పాత గుఱ్ఱము తోడున్నచో మేలు.

ఒక్కొక్క పాఠము 15 లేక 20 నిమిషములు మించరాదు. గుఱ్ఱము నెమ్మదిగా ఉన్నప్పుడే ముగింపవలయును. ఒక మెట్టున బెదరినచో ముందరి మెట్టునకు దిగుటయే మంచిది. ఇందులకు కొన్ని వారములు పట్టినను చింతింపరాదు.

4. పట్టణములో తోలునప్పుడు

కండ్లగంతలు వెనుకనుండి వచ్చు చక్రములను, మోటార్లను కనబడనీయవు. కాని అవి కంటికి తగులరాదు. బండి కట్టియుండగా కళ్లెమును, గంతలను తీయుట మిక్కిలి అపాయకరము. వెనుక బండిని హఠాత్తుగా చూచి గుఱ్ఱము పరుగు తీయును. కట్టునప్పుడు ముందు కళ్లెము, తరువాత బండి. విప్పునప్పుడు ముందు బండి, తరువాత కళ్లెము. కళ్లెపు పగ్గముతో స్తంభమునకు కట్టివేయరాదు. బండిని ఒంటరిగా విడిచి టీ త్రాగుటకు పోరాదు.

చెవులు నిగుడ్చుట, మెడ బిగియుట, ముక్కుపుటములు విప్పి బుసకొట్టుట బెదరునకు ముందరి గుర్తులు. అప్పుడు కేకలు వేయక, అలవాటైన మాటతో పలుకరించుచు పగ్గములను సమముగా పట్టవలయును. ఆగి చూడగోరినచో చూడనీయుడు. దాటునప్పుడు దాని ముఖమును బెదరించు వస్తువునకు కొంచెము ఎదురుదిశకు త్రిప్పినచో, పిఱుదు రోడ్డు నడుమకు పోదు. పగ్గములను చేతికి చుట్టుకొనరాదు.

పీర్లపండుగ తప్పెటలు, దీపావళి టపాసులు ఉన్న రాత్రులయందు గుఱ్ఱమును సాలలోనే ఉంచుట మేలు.

5. గుఱ్ఱము పరుగెత్తిపోయినచో

బండినుండి దూకరాదు. పగ్గములను ఏకబిగిని లాగినచో గుఱ్ఱము కళ్లెమును ఎదిరించి మఱింత పరుగెత్తును. లాగి సడలించి, మరల లాగి సడలింపవలయును. చోటున్నయెడల ఎత్తునేలవైపు గాని, గట్టును కాలువయు లేని దున్నిన రేగడివైపు గాని మళ్ళింపుడు. మెత్తని మన్ను వేగమును తగ్గించును. నిలిచిన పిదప కొట్టుట తగదు. నిలుచుటకే శిక్ష పడినదని అది తలంచును.

6. మేత, నీరు, విశ్రాంతి

నానవేసిన ఉలవలు బలము నిచ్చును. కాని పనిలేని దినములలో అదే కొలత పెట్టినచో గుఱ్ఱమునకు చురుకు మిక్కుటమై బెదరు పెరుగును. ఆ దినములలో ఉలవలు తగ్గించి గడ్డి పెంచవలయును. లేత జొన్నను, కోసిన మొదళ్ళనుండి మరల మొలచిన జొన్నపిలకలను మేపరాదు, అందు విషముండును. మంచినీరు దినమునకు పలుమార్లు పెట్టవలయును.

1965 నాటి బండిపశువుల నియమముల ప్రకారము గుఱ్ఱముచే దినమునకు 9 గంటలకంటెను, ఎడతెగక 5 గంటలకంటెను ఎక్కువ పని చేయింపరాదు. ఎండ 37 డిగ్రీలు మించిన చోట పగలు 12 మొదలు 3 గంటలవఱకు బండి కట్టరాదు. మన సీమలో వేసవి దినములు అనేకము ఈ లెక్కలోనికి వచ్చును. ముల్లుకఱ్ఱలు, ముండ్ల కళ్లెములు నిషేధింపబడినవి. అలసిన గుఱ్ఱమే త్వరగా బెదరునని కూడ ఎఱుగవలయును.

7. కొనునప్పుడు

పని చేసి అలసియున్న గుఱ్ఱమును చూచి సాధువని నమ్మరాదు. చెప్పకుండ ఉదయమున పోయి, సాలనుండి వెలుపలికి తెచ్చుట, కళ్లెము వేయుట, బండి కట్టుట, లారీ ప్రక్కగా తోలుట అన్నియు కన్నులారా చూడవలయును. అమ్మువాడే మొదట తోలవలయును.

ఇంత శ్రమపడినను కొన్ని గుఱ్ఱములు పట్టణమునకు పనికిరావు. అట్టిదానిని దోషము దాచి మఱియొకనికి అమ్ముట అతని ప్రాణమును అమ్ముటయే. పల్లెదారిలో తేలిక పనికి ఉంచుకొనుట, లేక ఉన్నది ఉన్నట్లు చెప్పి అమ్ముట ధర్మము. సందేహమున్నయెడల సమీప పశువైద్యశాలలో చూపి, వైద్యుని మాట ప్రకారము నడుచుకొనవలయును.