జ్వరం ఎన్నో రోజు?



ఈ వారం సైన్సు పేజీ నా వంతు. పోయిన వానాకాలం నాకు వచ్చిన జ్వరం ఒక పాఠం నేర్పింది. దాన్నే రాస్తున్నాను.

జ్వరం వచ్చిన సంగతి ఐదు రోజులు ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంటికి పంపేస్తారు, క్వార్టర్లీ పరీక్షలు పోతాయని భయం. ఆరో రోజు మంచం మీద నుంచి లేవలేకపోయాను. ఆస్పత్రిలో డాక్టరు గారు "ఎప్పటి నుంచి?" అంటే "నిన్నటి నుంచి" అని అబద్ధం ఆడాను. వేలు గుచ్చి మలేరియా పరీక్ష చేశారు, లేదన్నారు. డెంగీకి ఎన్‌ఎస్‌1 అనే పరీక్ష చేశారు. అదీ లేదనే వచ్చింది. ఒంటి మీద ఎర్ర మచ్చలు చూసి డాక్టరు గారికి అనుమానం వచ్చింది. "నిజం చెప్పు బాబూ, ఎన్నో రోజు?" అని మళ్లీ అడిగారు. ఏడుస్తూ నిజం చెప్పాను. అదే రక్తంతో ఐజీఎం అనే ఇంకో పరీక్ష చేయించారు. డెంగీ అని తేలింది.

ఒకే రక్తం. ఒక పరీక్ష లేదంది, ఒకటి ఉందంది. ఎందుకని? మా బయాలజీ సారును అడిగి తెలుసుకున్నది ఇది.

మన చేలో అడవిపంది పడిందనుకోండి. మూడు రకాలుగా తెలుస్తుంది. పందే కనబడొచ్చు. దాని అడుగులు కనబడొచ్చు. లేదా మంచె మీద కాపలావాళ్ల కేకలు వినబడొచ్చు. వైరస్ కూడా అంతే.

మొదటిది పీసీఆర్. ఇది పందినే పట్టడం. డెంగీ వైరస్ లోపల ఆర్‌ఎన్‌ఏ ఉంటుంది. దాన్ని ముందు డీఎన్‌ఏగా మారుస్తారు. ఇలా మార్చే ఎంజైమును 1970లో టెమిన్, బాల్టిమోర్ అనే శాస్త్రవేత్తలు కనిపెట్టారు. తర్వాత ఆ డీఎన్‌ఏను 95 డిగ్రీల దాకా వేడి చేస్తే రెండు పోగులుగా విడిపోతుంది. చల్లార్చితే ఒక్కో పోగు పక్కన కొత్త పోగు తయారవుతుంది. ఒకటి రెండు, రెండు నాలుగు. మిత్రులారా, లెక్క వేసి చూడండి, 30 సార్లు చేస్తే ఒక్కటి 107 కోట్లు దాటుతుంది! అంత వేడికి చెడిపోని ఎంజైము అమెరికాలోని ఎల్లోస్టోన్ వేడినీటి బుగ్గల్లో దొరికిన ఒక బాక్టీరియాది. ఈ పద్ధతి కనిపెట్టిన కారీ ముల్లిస్‌కు 1993లో నోబెల్ బహుమతి వచ్చింది. 2020లో కరోనాకు ముక్కులో పుల్ల పెట్టి చేసింది ఈ పరీక్షే.

రెండోది ఎన్‌ఎస్‌1. ఇవి పంది అడుగులు. వైరస్ మన రక్తంలోకి వదిలే ప్రొటీను ఇది. మొదటి ఐదు రోజుల్లో బాగా దొరుకుతుంది, తర్వాత తగ్గిపోతుంది.

మూడోది ఐజీఎం. ఇవి కాపలావాళ్ల కేకలు. వైరస్ మీదికి మన ఒళ్లు తయారుచేసే యాంటీబాడీలు. ఇవి కనబడటానికి నాలుగైదు రోజులు పడుతుంది. గుంటల ప్లేటులో రక్తపు సీరం వేసి, రంగు వస్తే ఉన్నట్టు లెక్క. దీన్ని ఎలైజా అంటారు. ఈ పరీక్షకు కిట్లు పూణేలోని జాతీయ వైరాలజీ సంస్థ తయారుచేస్తుంది.

ఇప్పుడు అర్థమైందా? నాది ఆరో రోజు. అడుగులు చెరిగిపోయాయి, కేకలు మొదలయ్యాయి. నేను చెప్పిన "నిన్న" అన్న ఒక్క మాట నమ్మి ఉంటే నన్ను వెనక్కి పంపేవాళ్లే.

ఇక మందుల సంగతి. మనవాళ్లు ఏ జ్వరానికైనా సూది వెయ్యమంటారు. యాంటీబయాటిక్ బాక్టీరియాను చంపుతుంది గాని వైరస్‌ను ఏమీ చెయ్యదు. వైరస్ మన కణాల్లో దూరి తన నకళ్లు తీసుకుంటుంది. ఆ నకలు పనిని చెడగొట్టే మందులు కొన్ని వచ్చాయి. హెర్పిస్‌కు ఎసైక్లోవిర్ అలాంటిదే. దాని వెనుక పనిచేసిన గెర్ట్రూడ్ ఎలియన్ అనే ఆమెకు 1988లో నోబెల్ వచ్చింది. కాలేయాన్ని పాడుచేసే హెపటైటిస్-సి ఇప్పుడు చాలామందికి 12 వారాల మాత్రలతో నయమవుతోంది. డెంగీకి మాత్రం అలాంటి మందు ఇంకా వాడకంలోకి రాలేదు. నీళ్లు, ఓఆర్ఎస్ బాగా తాగాలి. జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటే. ఆస్ప్రిన్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు వేసుకుంటే రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది.

ఇంకో ముఖ్య విషయం. జ్వరం తగ్గింది కదా అని ఊరుకోకూడదు. అసలు ప్రమాదం తరచు అప్పుడే. కడుపులో బాగా నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనబడితే అర్ధరాత్రి అయినా సారును లేపండి.

డెంగీ దోమ పగలు కుడుతుంది, నిలవ నీళ్లలో గుడ్లు పెడుతుంది. కాబట్టి ప్రతి శుక్రవారం మన డ్రమ్ములు, తొట్లు ఖాళీ చేసి రుద్దుదాం.

వార్డెన్ సార్లకు ఒక మనవి. జ్వరం చెప్పుకున్న పిల్లవాడికి పరీక్ష మళ్లీ రాయనిస్తారని మీ నోటితో ఒకసారి ప్రేయరులో చెప్పండి సార్. అప్పుడు ఎవరూ దాచరు.

తమ్ముళ్లూ, ఎంత పెద్ద మిషనైనా మనం చెప్పే రోజు మీదే ఆధారపడి ఉంది. మొదటి రోజే చెప్పండి.

తప్పులుంటే మన్నించగలరు.

ఇట్లు,
మీ మిత్రుడు,
10వ తరగతి