పాలు ఎందుకు విరుగుతాయి? పెరుగు ఎందుకు పేరుకొంటుంది?

పాడి ఉన్న ఇంట్లో పాలు విరగడం చూడనివారు ఉండరు. పెరుగు తోడు వెయ్యడం చిన్నపిల్లలకు కూడా తెలుసు. అయినా పాలలో ఏమి జరిగితే అవి విరుగుతాయో, ఏమి జరిగితే పెరుగు గడ్డకడుతుందో మనలో చాలామంది ఆలోచించి ఉండము. ఆలోచించకపోవడం వల్ల వచ్చిన నష్టం ఒకటి నేను కళ్ళారా చూశాను. అందులో నా తప్పు కూడా ఉన్నది కనుక ముందు ఆ సంగతి చెప్పి తరువాత పాఠంలోకి వస్తాను.

నేను పాలసేకరణ రూటులో సూపర్‌వైజరుగా తిరిగే రోజులు. ఒక ఊరి సంఘంలో ఉదయం పూట పాలు పోస్తున్నారు. ఒక సభ్యురాలు తెచ్చిన పాలను టెస్టరు గాజు గొట్టంలో పోసి, అంతే కొలత స్పిరిట్ కలిపి తిప్పాడు. గొట్టం గోడలకు సన్నని పలుకులు అంటుకొన్నాయి. "పిన్నీ, నీ పాలు విరిగినయ్. పులిసిన పాలు తెచ్చినట్టున్నావు" అన్నాడు. "ఇప్పుడే పితికి తెచ్చాను నాయనా, గిన్నె ఇంకా వెచ్చగానే ఉంది, పట్టుకొని చూడు" అన్నదామె. ఆమె మాట నేను నమ్మలేదు. "రాత్రి పాలు కలిపి ఉంటావమ్మా" అన్నాను. వరుసలో ఉన్నవాళ్ళు నవ్వారు.

మరునాడూ అదే జరిగింది. మూడోనాడు ఎవరో సలహా ఇస్తే ఆమె చిటికెడు వంటసోడా కలిపి తెచ్చింది. రోజాలిక్ ఆసిడ్ పరీక్షలో పాలు గులాబిరంగుకు తిరిగాయి. అప్పటిదాకా అనుమానం మాత్రమే. ఇప్పుడు నేరం రుజువైపోయింది. ఆమె పాలు నిలిపివేశారు. అసలు సంగతి ఏమిటంటే మొదటిరోజు ఆమె చెప్పింది నిజం. పాలు పులవలేదు. పులవకుండానే ఎందుకు విరిగాయో తెలియాలంటే పాలలోపల ఏమున్నదో చూడాలి.

పాలు పైకి నీళ్ళలాగా జారుతున్నా, అందులో కంటికి కనిపించని గుళికలు తేలుతూ ఉంటాయి. వీటిని కేసిన్ మైసెల్స్ అంటారు. మిల్లీమీటరును పదివేల భాగాలు చేస్తే అందులో ఒకటి రెండు భాగాలంత ఉంటుంది ఒక్కొక్క గుళిక. ఒక మిల్లీలీటరు పాలలో ఇవి కోటి కోట్లకు తక్కువ ఉండవు. వెన్న అంతా తీసేసిన పాలు కూడా తెల్లగా ఉండడానికి కారణం ఇవే. వెలుతురు వీటికి తగిలి నలువైపులా చెదురుతుంది.

ఒక్కొక్క గుళిక ఒకే పదార్థపు ముద్ద కాదు. వేలకొలది కేసిన్ అణువులు ఒకచోట చేరి ఏర్పడిన కూటమి. పాలలోని మాంసకృత్తులలో అయిదింట నాలుగు పాళ్ళు ఈ కేసినే. ఈ అణువులను కలిపి ఉంచేది ఏది? గట్టి రసాయన బంధాలు చాలా తక్కువ. ముఖ్యంగా పనిచేసేవి బలహీనమైన ఆకర్షణలు. కేసిన్ అణువులో కొన్ని భాగాలకు నీరు గిట్టదు. నూనెచుక్కలు ఒకదానినొకటి వెదుక్కొన్నట్లు అవి దగ్గరకు చేరతాయి. ఇవిగాక కాల్షియం, భాస్వరం కలిసిన అతిచిన్న పలుకులు గుళిక లోపల అక్కడక్కడ కూర్చొని అణువులను పట్టి ఉంచుతాయి. ఇటుకల మధ్య సున్నం ఏ పని చేస్తుందో గుళికలో ఈ పలుకులు ఆ పని చేస్తాయి. పోలిక కోసం సున్నం అన్నానుగాని, సున్నంలో ఉండేదీ కాల్షియమే. అందుకే పాలలో కాల్షియం కరిగి ఉన్నదానికంటె గుళికలలో ఇమిడి ఉన్నదే ఎక్కువ. గేదెపాలలో కేసినూ, కాల్షియమూ ఆవుపాలకంటె ఎక్కువ, గుళికలూ పెద్దవి. గేదె పెరుగు కత్తితో కోసినట్లు నిలబడడానికి ఇది ఒక కారణం.

ఇలా బలహీనమైన ఆకర్షణలతో అణువులు కూటములు కట్టడం ఒక పెద్ద శాస్త్రమయింది. దానికి పునాది వేసిన ఫ్రాన్స్ శాస్త్రజ్ఞుడు జాన్-మారీ లేన్‌కూ, అమెరికాకు చెందిన డొనాల్డ్ క్రామ్, చార్లెస్ పెడర్సన్‌లకూ 1987లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. మన గేదెలు ఆ పని ఏనాటినుంచో చేస్తున్నాయి.

ఇక్కడ ఒక సందేహం రావాలి. అణువులు అంతగా ఒకదానికొకటి అంటుకొనేవే అయితే గుళికలన్నీ కలిసి ఒకే ముద్ద ఎందుకు కావు? పొదుగులోనే పాలు పెరుగులాగా ఎందుకు గడ్డకట్టవు? దీనికి జవాబు 1956లో అమెరికాలో డేవిడ్ వా, పీటర్ వాన్ హిప్పెల్ అనే ఇద్దరు కనిపెట్టిన కాపా కేసిన్‌లో దొరికింది. ఈ రకం కేసిన్ గుళిక పైభాగాన ఉంటుంది. దాని తోకలు గొంగళిపురుగు ఒంటిమీది నూగులాగా నీటిలోకి చాచుకొని ఉంటాయి. ఆ నూగుకు నీరంటే ఇష్టం. పైగా దానిలో రుణ విద్యుత్తు ఉంటుంది. రెండు గుళికలు దగ్గరకు వస్తే నూగుకు నూగు అడ్డుపడి, ఒకే జాతి విద్యుత్తు కనుక ఒకదానినొకటి నెట్టుకొని దూరంగా జరుగుతాయి. పాలు పాలుగా ఉండడమంటే ఇదే. ఈ నూగును ఎవరు పాడుచేసినా పాలు విరుగుతాయి, లేదా పేరుకొంటాయి.

పులుపు ఎలా పాడుచేస్తుందో చూడండి. తోడులోని సూక్ష్మజీవులు పాలలోని చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. తాజాపాల పి.హెచ్. 6.6 నుంచి 6.8 వరకు ఉంటుంది. ఆమ్లం పెరిగేకొద్దీ ఈ అంకె తగ్గుతుంది. ఆమ్లం ఒక పక్క నూగులోని విద్యుత్తును చంపుతుంది, మరోపక్క గుళిక లోపలి కాల్షియం పలుకులను కరిగించి నీటిలోకి లాగుతుంది. పి.హెచ్. 4.6 దగ్గర నెట్టుకొనే శక్తి పూర్తిగా పోతుంది. గుళికలు గొలుసులుగా, గొలుసులు వలగా అల్లుకొంటాయి. పాలలోని నీరంతా ఆ వలలోనే చిక్కుకొంటుంది. శాస్త్రజ్ఞులు దీనిని జెల్ అంటారు, మనం గడ్డపెరుగు అంటాము. నూటికి ఎనభై పాళ్ళకు పైగా నీరే అయిన పదార్థం గిన్నె వంచినా జారకుండా నిలబడుతున్నదంటే ఆ వల చేసే పనే.

ఆమ్లం మెల్లగా పుడితే వల నిదానంగా, సమంగా అల్లుకొంటుంది. అదే మరుగుతున్న పాలలో నిమ్మరసం పిండితే అల్లుకొనే వ్యవధి ఉండదు. గుళికలు ముద్దలు ముద్దలుగా పడి తేట వేరవుతుంది. పెరుగూ, విరిగిన పాలూ పుట్టేది ఒకే కారణం వల్ల; తేడా వేగంలోనూ వేడిలోనూ ఉన్నది. తోడు పెట్టిన గిన్నెను కదపవద్దని మన పెద్దవాళ్ళు చెప్పే మాట కూడా సరైనదే. అల్లుకొంటున్న వల ఒకసారి తెగితే మళ్ళీ మునుపటిలాగా అతుక్కోదు, తెగినచోట తేట ఊరుతుంది.

పచ్చిపాలను తోడు పెడితే పెరుగు పలచన, కాచి చల్లార్చి పెడితే గట్టి. ఎందుకు? కేసిన్‌గాక పాలలో తేట మాంసకృత్తులు కొన్ని ఉన్నాయి. 70 డిగ్రీలు దాటిన వేడిలో వీటి చుట్టలు విప్పుకొని పోయి గుళికలమీది కాపా కేసిన్‌కు గట్టిగా అతుక్కొంటాయి. ఈసారి అతుకు గంధకపు బంధం. ఇది బలహీనమైనది కాదు. పెరుగు తోడుకొనేటప్పుడు అవి కూడా వలలో చేరి నీటిని పట్టుకొంటాయి. 

జున్ను సంగతి వేరు. ఈనిన గేదె ముర్రుపాలలో దూడను రోగాలనుంచి కాపాడే మాంసకృత్తులు చాలా ఎక్కువ. వేడి తగలగానే ఇవి తమలో తామే అల్లుకొని గడ్డకడతాయి. అందుకే జున్నుకు తోడూ అక్కరలేదు, పులుపూ అక్కరలేదు. ముర్రుపాలు సంఘానికి పోస్తే క్యానులోని పాలన్నీ వేడికి నిలవకుండా పోవచ్చు. మొదటి పాలు పుట్టిన గంట రెండు గంటల్లో దూడకు తాగించండి. జున్ను చేసుకోవడం దూడ తాగిన తరువాతి మాట.

విదేశాలలో చీజ్ చేసేవారు మూడో దారి పట్టారు. దూడ కడుపులో ఉండే రెన్నెట్ అనే పదార్థం గుళికమీది నూగును కత్తెరతో కత్తిరించినట్లు కత్తిరిస్తుంది. నూగు పోయిన గుళికలు పులుపు లేకుండానే అల్లుకొంటాయి. దూడ తాగిన పాలు దాని కడుపులో గడ్డకట్టేది ఈ విధంగానే.

ఇక మన టెస్టరు చేసే పరీక్ష. స్పిరిట్‌కు నీరంటే ఆశ ఎక్కువ. నూగులోని నీటిని అది లాగేసుకొంటుంది, నూగు వాలిపోతుంది. ఆరోగ్యమైన తాజాపాలు 68 శాతం స్పిరిట్‌ను సమానంగా కలిపినా తట్టుకొంటాయి. గుళికలు అంతకుముందే దెబ్బతిని ఉంటే తట్టుకోలేవు. కనుక ఈ పరీక్ష చెప్పేది "గుళికలు బలహీనంగా ఉన్నాయి" అని మాత్రమే. బలహీనత పులుపు వల్ల రావచ్చు. ముర్రుపాలు కావచ్చు. వట్టిపోతున్న గేదె పాలు కావచ్చు. పొదుగువాపు కావచ్చు. స్పిరిట్ పరీక్షలో పోగానే పులిసిన పాలు అని తీర్పు చెప్పడం తప్పు. పులుపు ఉన్నదో లేదో వేరే పరీక్షతో తేల్చాలి. ఆనాడు నేను ఆ పని చెయ్యలేదు.

సోడా సంగతి కూడా తెలుసుకోండి. సోడా పులుపును విరుస్తుందిగాని పులుపు పుట్టించే సూక్ష్మజీవులను చంపదు. అవి ఇంకా సుఖంగా పెరుగుతాయి. గుళికనుంచి కరిగిపోయిన కాల్షియం మునుపు ఉన్న తీరులో మళ్ళీ కుదురుకోదు. పైగా పాలలో సోడా కలపడం చట్టప్రకారం కల్తీ. పాలూ, స్పిరిట్టూ సమానంగా పోసి రోజాలిక్ ఆసిడ్ చుక్కలు వేస్తే గులాబిరంగు బయటపడుతుంది.

ఆ సభ్యురాలి గేదెను నాలుగోనాడు పశువైద్యుడు వచ్చి చూశాడు. ఒక చన్ను వైపు పొదుగు కొద్దిగా గట్టిపడి ఉన్నది. పాలు పైకి మామూలుగానే కనిపిస్తున్నాయి. పొదుగువాపులో రక్తంలోని ఉప్పు పాలలోకి కారుతుంది. పాలు కొంచెం ఉప్పగా ఉంటాయి, లవణాల పొత్తు చెడుతుంది. రక్తంతో వచ్చే ఒక ఎంజైము కేసిన్‌ను ముక్కలు చేస్తుంది. పులుపు ఏమీ లేకుండానే గుళికలు స్పిరిట్‌కు తట్టుకోలేకపోవడానికి కారణం ఇది. ఆ వైద్యుడు చేసిన పరీక్షలో కూడా ఒక జెల్ ఉన్నది. బట్టల సబ్బుపొడిని నూరుపాళ్ళ నీటికి మూడుపాళ్ళు కలిపి, మొదటి ధారలు పారబోసి, ఒక్కొక్క చన్ను పాలను వేరువేరు గిన్నెలలో తీసి, సమానంగా సబ్బునీళ్ళు పోసి తిప్పాడు. మూడు గిన్నెలలో పాలు పాలలాగానే జారాయి. నాలుగోది చీమిడిలాగా సాగింది. రోగం ఉన్న పొదుగులోకి రక్తంలోని తెల్లకణాలు లక్షలకొద్దీ వస్తాయి. సబ్బు వాటి పొరలను కరిగిస్తుంది. లోపలి డి.ఎన్.ఎ. పోగులు బయటపడి ఒకదానికొకటి చిక్కుకొని పాలను చిక్కబరుస్తాయి. గేదె ఉన్న ప్రతి ఇంట్లో పదిహేను రోజులకొకసారి ఈ పరీక్ష చేసుకోవచ్చు; సబ్బు కలిపిన పాలను మాత్రం పారబొయ్యాలి, కుక్కకు కూడా పొయ్యవద్దు.

గేదెకు మందు ఎక్కించారు. మందు వాడుతున్నన్ని రోజులూ, ఆ తరువాత సీసామీద రాసినన్ని రోజులూ ఆ పాలు సంఘానికి పొయ్యకూడదు. ఆ మందు తోడులోని సూక్ష్మజీవులను కూడా చంపుతుంది, అలాంటి పాలు ఒక్క క్యాను కలిసినా పెరుగు తోడుకోదు. గడువు తీరిన తరువాత ఆమె పాలు తెచ్చినప్పుడు టెస్టరు గొట్టంలో స్పిరిట్ పోసి తిప్పి, వెలుతురుకు ఎత్తి ఆమెకే చూపించాడు. గోడలు శుభ్రంగా ఉన్నాయి. నేను అన్న మాటకు ఆ వరుసలోని వాళ్ళందరి ముందే క్షమాపణ చెప్పుకొన్నాను. ఆమె పుస్తకం చాపి, "ముందు పాలు రాయండి సారూ" అన్నది.