నూతిలో ఊట, పెరటిలో చెట్టు

పఠింపవలసిన భాగము: ఆదికాండము 26:12-22



ఇస్సాకు గెరారు దేశములో విత్తి ఆ యేడే నూరంతలు పంట పొందెనని ఈ అధ్యాయములో చదువుచున్నాము. అయితే పంట సంగతి ఒక్క వచనములో ముగిసినది. తరువాత ఎక్కువగా ఉన్నది నూతుల సంగతే. తండ్రి త్రవ్వించిన నూతులను ఫిలిష్తీయులు మంటితో పూడ్చివేయగా కుమారుడు వాటినే తిరిగి త్రవ్వించెను. ఎలమంచిలి చుట్టుపట్ల పెరటితోట గలవారికి ఫాల్గుణము దాటగానే వచ్చు మొదటి పనియు ఇదియే.

వరాహ, శారద నదులు వానలనుబట్టి పారునవి. వేసవిలో ఇసుకయే మిగులును. ఏలేరు కాలువ నీరు మన జిల్లామీదుగా విశాఖ ఉక్కు కర్మాగారమునకును నగరమునకును పోవుచున్నది. మన పెరటిచెట్టుకు మాత్రము నూతినీరే దిక్కు. నీరు అడుగంటిన దినములలోనే పూడిక తీయవలెను. కాని ఒక మాట గట్టిగా చెప్పుచున్నాము: పాత నూతిలో చెడుగాలి నిలిచియుండును. వెనుకటివారు దీపము దించి చూచెడివారు. దీపము ఆరినచో ఎవరును దిగరాదు. ఆరకున్నను గాలి మంచిదని రూఢి కాదు. దిగువాని నడుమునకు మోకు కట్టి, పైన ఇద్దరు బలమైనవారు నిలువవలెను. ఆయిలు ఇంజనును నూతిలోనికి దించి నడుపరాదు. దాని పొగ ప్రాణము తీయును. లోపలివాడు సొమ్మసిల్లినచో అతని వెంట ఇంకొకడు దిగుట ప్రేమచేతనే జరుగును గాని, ఆ విధముగా ఒక యింటిలో ఇద్దరు పోవుదురు.

ఇస్సాకు పనివారు త్రవ్విన రెండు నూతులయొద్ద జగడము పుట్టెను. ఆ జగడములనుబట్టియే వాటికి ఏశెకు, శిత్నా అని పేర్లు పెట్టిరి. మూడవదానియొద్ద జగడము లేనందున దానికి రహెబోతు అని పేరు పెట్టిరి. మన యూళ్లలో ఇప్పుడు జగడము బోరుయొద్ద పుట్టుచున్నది. ఒకరు లోతుగా బోరు వేసి పగలంతయు తోడినచో ప్రక్కవారి నూతి ఊట తగ్గవచ్చును. అందుచేతనే 2002లో వచ్చిన వాల్టా చట్టము బోరు వేయుటకు ముందు అనుమతి పొందవలెనని చెప్పినది. చట్టము సరే, ఒకే గోడకు ఇరుప్రక్కల నివసించువారు తోడుకొను వేళలు మాటలాడుకొనుట అంతకంటె సులువు.

ఉన్న నీటిని చెట్లన్నిటికి సమముగా పంచుట న్యాయమువలె తోచును. తోటలో అది న్యాయము కాదు. నాటి రెండేండ్లు దాటని మొక్కలు మొదట త్రాగవలెను, వాటి వేరు ఇంకను పైననే యున్నది. పిందె పట్టిన మామిడికి పది పదునైదు దినములకొక తడి చాలును, కోతకు ముందు అదియు ఆపవలెను. ముదురు చింతచెట్టు మన చేదకొరకు ఎదురుచూడదు.

కొబ్బరి సంగతి వేరు. నేడు మనము దింపుకొను ముదురుకాయ, మొవ్వులో కంటికి కనబడని మొలకగా పుట్టి సుమారు 44 నెలలైనది. కనుక ఈ వేసవి ఎండిన చెట్టు ఈ యేడు బాగుగనే కాయవచ్చును. దెబ్బ రాబోవు రెండు మూడేండ్లలో బయటపడును, అప్పుడు తెగులని యెంచి మందు కొట్టుదుము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖవద్ద తీరము దాటినప్పుడు కూలిన చెట్ల తావున మొక్క నాటి, వేసవులలో బిందెలతో మోసినవారు ఇప్పుడు కాయ దింపుకొనుచున్నారు.

పాదు మాను మొదట చిన్నదిగా చేయక, చుట్టు ఆరడుగుల వరకు విశాలముగా చేయుడి. దానిపై కొబ్బరి డొక్కలను వీపు పైకి వచ్చునట్లు బోర్లించి పరచినయెడల నేల చల్లగా నుండును. ఆకులు, చెరకు ఆకు అయినను మంచిదే. వాటిని కాల్చివేయువారిని చూచి మాకు బాధ కలుగును. చిన్నమొక్క ప్రక్కను క్రొత్త మట్టికుండను మెడవరకు పాతి, నీరు నింపి మూత వేయుడి. నేల ఆరుకొలది నీరు గోడగుండ చెమర్చును. చైనాలో ఫాన్ షెంగ్ చి అను వ్యవసాయ శాస్త్రజ్ఞుడు రెండువేల యేండ్లకు పూర్వమే ఈ పద్ధతిని వ్రాసియుంచెను.

సొర, బీర, దోస పాదులలో ఎండ ముదిరినకొలది మగపూలు హెచ్చి ఆడపూలు తగ్గును. గొడ్డుపాదని పీకివేయకుడి. సొర, బీర పూలు సాయంకాలము విచ్చును. అప్పుడు మగపువ్వును త్రుంపి ఆడపువ్వు నడుమ తాకించినయెడల పిందె నిలుచును. ఆడపువ్వును గుర్తించుట కష్టము కాదు, దాని క్రింద చిన్న పిందె యుండును.

తొలకరికి మామిడి, కొబ్బరి నాటదలచినవారు ఇప్పుడే గజము పొడవు, వెడల్పు, లోతు గల గోతులు త్రవ్వించి నెల దినములు ఎండకు విడువవలెను. పైమట్టిని ఒక ప్రక్కను, అడుగుమట్టిని వేరొక ప్రక్కను పోయుడి. జూన్ నెల వానలకు ముందు పైమట్టిలో మాగిన పశువుల ఎరువు కలిపి, అణగునదానికి లెక్కగా జానెడు ఎత్తు పోసి పూడ్చవలెను. అంతవరకు ప్రతి గోతి చుట్టును ముళ్లకంప వేయుడి. రాత్రి ప్రార్థనకూటమునుండి పిల్లలు ఆ దారినే ఇండ్లకు వచ్చెదరు.